గుండె చుట్టూ కొవ్వు – నడుం చెప్పే లెక్క

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలన్నీ విన్నారు. మాకిచ్చిన కాసేపట్లో ఇంకో లెక్క చెప్తాం. అది మన ఒంటి లెక్క. గుండె చుట్టూ చేరే కొవ్వు గురించి. మేము డాక్టర్లం కాదు. మా ఉపసంఘంలో ఎక్కువ చదువు అంటే పదో తరగతే. డాక్టరమ్మ గారిని, ఏఎన్ఎం అమ్మను అడిగి, శిక్షణలో రాసుకున్నది ముందు పెట్టుకుని, మనందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్తున్నాం.

కొవ్వు అనగానే కొంతమంది పక్కనున్న అక్క వైపు చూసి నవ్వుతున్నారు. నవ్వకండి. ఈ మాట లావుగా ఉన్నవాళ్ల కంటే, చేతులూ కాళ్లూ సన్నగా ఉండి నడుం దగ్గర మాత్రం పెరిగినవాళ్లకు ఎక్కువ చెప్పాలి. మనలో అలాంటివాళ్లే చాలామంది.

అసలు ఈ కొవ్వు ఏమిటి?

గుండె చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర లోపల, గుండె కండరానికి ఆనుకుని కొంచెం కొవ్వు అందరికీ ఉంటుంది. అది ఉండాల్సిందే. గుండెకు మెత్తగా ఆసరా ఇస్తుంది, అవసరమైనప్పుడు బలం కూడా ఇస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అది ఎక్కువైనప్పుడు. ఆ కొవ్వుకూ గుండె కండరానికీ మధ్య అడ్డుగోడ లేదు. గుండెకు రక్తం తెచ్చే నాళాలు కూడా ఆ కొవ్వులోంచే పోతాయి. కొవ్వు మితిమీరి పెరిగితే ఊరికే కూర్చోదు. లోపల వాపు తెచ్చే పదార్థాలను వదులుతుంది. అవి పక్కనే ఉన్న రక్తనాళాల మీద పని చేస్తాయి. అందుకే ఈ కొవ్వు మందంగా ఉన్నవాళ్లలో గుండె నాళాలు పూడిపోవడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, షుగర్, బీపీ ఎక్కువగా కనిపిస్తాయని డాక్టర్లు చెప్తున్నారు.

అది అక్కడికి ఎందుకు చేరుతుంది? మన ఇళ్లలో జరిగేదే చెప్తాం. పంట వస్తే ధాన్యం గాదెలో పోస్తాం. గాదె నిండిపోతే మూటలు వసారాలో పెడతాం. అక్కడా చోటు లేకపోతే పడకగదిలో, చివరికి పొయ్యి పక్కన కూడా పెడతాం. ఒంట్లో గాదె అంటే చర్మం కింద ఉండే కొవ్వు. తొడలు, పిరుదులు, చేతులు. అక్కడ ఉన్న కొవ్వు అంత చెడ్డది కాదు. మన దేశం వాళ్లకు ఈ గాదె చిన్నది. తొందరగా నిండిపోతుంది. మిగిలింది పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో, గుండె చుట్టూ చేరుతుంది. అందుకే వేరే దేశాల వాళ్లు చాలా లావైతే గానీ రాని షుగర్, గుండె జబ్బు మనకు కొంచెం బరువుకే, చిన్న వయసులోనే వస్తున్నాయి. మనవాళ్లకు బరువు హద్దులు, నడుం హద్దులు తక్కువగా పెట్టింది కూడా ఇందుకే.

మరి గుండె చుట్టూ కొవ్వు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? గుండె స్కానింగులో, అంటే ఎకో పరీక్షలో కనిపిస్తుంది. సీటీలో ఇంకా బాగా కనిపిస్తుంది. అలాగని ఈ ప్రసంగం విని రేపు టౌనుకు పోయి, అప్పు చేసి స్కాన్ తీయించుకోవద్దు. డాక్టరు రాస్తేనే ఆ పరీక్ష. మనకు ఇంట్లోనే ఒక సాధనం ఉంది. కుట్టు మిషను దగ్గర ఉండే టేపు. పొట్ట లోపల కొవ్వు పెరిగినవాళ్లకు గుండె చుట్టూ కూడా పెరిగే అవకాశం ఎక్కువ. కంటికి కనపడని దాని కబురు నడుం చెప్తుంది.

కొలవడం ఎలా?

చీర కుచ్చిళ్ల మీద నుంచి కొలవకూడదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఒంటి మీద టేపు చుట్టాలి. పొట్ట లోపలికి లాగొద్దు. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు. గర్భిణులకు, ఈమధ్య కాన్పయినవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

అంకెలు చదవడం రాని అక్కలకు ఇంకో పద్ధతి. ఒక పురికొస తీసుకుని తల నుంచి మడమ దాకా మీ ఎత్తు కొలిచి కత్తిరించండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం తాడు మీ నడుం చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే మంచిది. కలవకపోతే నడుం ఎత్తులో సగం దాటిందని అర్థం. అంతే. దీనికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి దేశమంతా నడుం కొలతలు తీసుకున్నారు. ఆడవాళ్లలో నూటికి దాదాపు 40 మందికి, మగవాళ్లలో నూటికి 12 మందికి నడుం హద్దు దాటింది. చూశారా తేడా. గుండె జబ్బు మగవాళ్ల జబ్బు అని మనం అనుకుంటున్నాం. టేపు వేరే మాట చెప్తోంది.

గర్భసంచి సంగతి కూడా చెప్పాలి

ముట్లు వస్తున్నన్నాళ్లూ ఒంట్లో ఉండే హార్మోను మన గుండెకు కొంత కాపలా కాస్తుంది. ముట్లు ఆగాక ఆ కాపలా తగ్గుతుంది. తొడల దగ్గర ఉండే కొవ్వు నడుం దగ్గరకు, లోపలికి చేరడం మొదలవుతుంది. ఇది మామూలుగా నలభై అయిదు, యాభై ఏళ్ల మధ్య జరగాలి. మన దగ్గర ఏం జరుగుతోంది? అదే సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొమ్మిది మందికి దగ్గర. దేశంలో మనదే పైస్థానం. తెలంగాణ మన వెనకే ఉంది. ముప్పై ఏళ్లకే తీయించేసుకున్నవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

అవసరమై తీయించుకున్నవాళ్లు బాధపడాల్సిన పని లేదు. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా లేదా అన్నది మీ ఆపరేషన్ కాగితంలో ఉంటుంది. ఆ కాగితం వెతికి ఏఎన్ఎంకు చూపించండి. అండాశయాలు కూడా తీసేసి ఉంటే హార్మోను కాపలా ఆ రోజుతోనే పోయినట్టు. అలాంటివాళ్లు నడుం, బీపీ, షుగర్ ఇప్పటి నుంచే చూసుకోవాలి. ఇక రెండోది. తెల్లబట్ట అవుతోందనో, నడుంనొప్పి అనో ఎవరైనా గర్భసంచి తీసేద్దాం అంటే వెంటనే ఒప్పుకోకండి. ఇంకో డాక్టరును కూడా అడగండి.

మన సమాఖ్యలో జరిగింది

పేరు చెప్పం. ఆ అక్క అనుమతి తీసుకునే చెప్తున్నాం. వయసు నలభై నాలుగు. బక్కపలచని మనిషి. మిరపకోతకు దిగితే ఆమె సాలు అందరికంటే ముందు ఉంటుంది. ఇరవై తొమ్మిదో ఏట గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పోయిన ఏడాది కోతల్లో ఎదలో బరువుగా ఉందని రెండు రోజులు అన్నది. గ్యాస్ అనుకుని సోడా తాగింది. వీపు లాగుతోందని బామ్ రాయించుకుంది. మూడో రోజు రాత్రి ఒళ్లంతా చెమట పట్టి, దవడ దాకా నొప్పి పాకి, వాంతి చేసుకుంటే అప్పుడు 108కి ఫోన్ చేశారు. ప్రాణం దక్కింది. గుండె మాత్రం కొంత దెబ్బతింది. ఆసుపత్రిలో చూస్తే షుగర్ కూడా ఉంది, ఎన్నాళ్ల నుంచో తెలియదు. అప్పటిదాకా ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్య కార్డు మీద పోయింది. కానీ ఆటోలు, తోడు ఉన్నవాళ్ల తిండి, ఆసుపత్రిలో దొరకని మందులు, ఇద్దరి కూలీ పోయిన రోజులు, ఇవేవీ కార్డు మీద రావు. బయట వడ్డీకి తెచ్చారు. సంఘం కిస్తీ రెండు నెలలు ఆగింది. పెద్దమ్మాయి డిగ్రీ మానేసి బట్టల కొట్లో పనికి చేరింది. ఆ సంఘంలో పెద్ద వాదనే జరిగింది. రూలు రూలే, అందరూ కడుతున్నప్పుడు ఒకరికి ఎలా వదిలేస్తాం అని కొందరు. రేపు మనకొస్తే అని కొందరు. చివరికి తొమ్మిది మంది పంచుకుని ఆమె కిస్తీ మూడు నెలలు కట్టారు. వసూలు పట్టికలో ఆ సంఘం పేరు ఎదురుగా నూటికి నూరు అని ఇందాక చదివారు కదా. ఆ నూరు వెనక ఉన్న కథ ఇది.

ఆమెను చూడ్డానికి వెళ్లినప్పుడు, ముందే ఎందుకు చూపించుకోలేదక్కా అని అడిగాం. ఆమె అన్న మాట మీ అందరికీ చెప్పమంది. “నాలాంటి బక్కదానికి గుండెజబ్బు ఏంటి అనుకున్నా” అంది. టేపు పెట్టి చూస్తే నడుం 88 సెంటీమీటర్లు.

అందుకని గుర్తులు చెప్తున్నాం, చెవిన వేసుకోండి. ఎదలో బరువు, నొక్కుతున్నట్టు ఉండటం. నొప్పి ఎడమ చేతికి, దవడకి, వీపుకి పాకడం. చల్లని చెమట. మామూలు పనికే ఆయాసం. ఎప్పుడూ లేని నీరసం, వికారం. ఆడవాళ్లలో ఛాతీనొప్పి పెద్దగా లేకుండా మిగతా గుర్తులే ఉండొచ్చు. ఇవి వస్తే సోడా, అల్లం రసం, ఊళ్లో సెలైన్ కట్టించడం, తెల్లారాక చూద్దాం అనడం, ఏవీ వద్దు. 108. గుండె నాళంలో గడ్డ కరిగించే ఇంజక్షన్ ఎంత తొందరగా పడితే గుండె అంత మిగులుతుంది. గంటలు గడిచే కొద్దీ దాని పని తగ్గిపోతుంది.

తిండి గురించి

లావు తగ్గాలంటే కడుపు మాడ్చుకోమని మేము చెప్పం. మనం ఇప్పటికే ఉపవాసాలు ఎక్కువ చేసేవాళ్లం. అసలు సంగతి మనం ఎప్పుడు, ఏం తింటున్నాం అన్నది. ఇంట్లో అందరూ తిన్నాక కూర్చుంటాం. అప్పటికి పప్పు గిన్నె అడుగంటింది. కూర ఒక ముక్క. గుడ్డు పిల్లలకు, ఆయనకు. మిగిలింది ఏమిటి? అన్నం. పారేయడానికి మనసు ఒప్పదు. ఆ అన్నం అంతా పచ్చడితోనో చారుతోనో తినేస్తాం. అంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ అన్నం, అందరికంటే తక్కువ పప్పు తినేది మనమే. మిగిలిన అన్నానికి మన పొట్టే గాదె అయింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఒక మనిషికి రోజుకు పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, బియ్యం గోధుమ జొన్న లాంటివి అన్నీ కలిపి 250 గ్రాములు, నూనె 27 గ్రాములు అని ఉంది. ఇంత కొనే శక్తి అందరికీ లేదని మాకు తెలుసు. మేము అడిగేది ఒకటే. వండగానే మీ వాటా పప్పు, కూర ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే వడ్డన. అన్నం ఒక గరిటె తగ్గించండి. దీనికి అదనంగా రూపాయి ఖర్చు లేదు.

నూనె లెక్క మనకు బాగా తెలిసిన లెక్క. మనిషికి రోజుకు 27 గ్రాములంటే, నలుగురున్న ఇంటికి నెలకు లీటరు ప్యాకెట్లు మూడున్నర. మీ ఇంట్లో నెలకు ఎన్ని అవుతున్నాయో పచారీ చీటీ చూసుకోండి. బయట తినే బజ్జీలు, పునుగులు ఈ లెక్కలోకి రాలేదు. కాగిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించడం మానాలి. ఉప్పు మనిషికి రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, చారు అన్నిట్లో కలిపి అంతే. టీ రోజుకు నాలుగుసార్లు తాగేవాళ్లు అందులో చక్కెర ఎంత పోతోందో ఒక్కరోజు గిన్నెలో వేసి చూసుకోండి.

నడక మాటకొస్తే, పొలం పనిచేసేవాళ్లకు మళ్లీ నడక ఎందుకు అని అడుగుతారు. ఊపిరి పెరిగేలా చేసే పని ఏదైనా లెక్కలోకి వస్తుంది. నాట్లు, కోతలు ఉన్న నెలల్లో మీకు వేరే నడక అక్కర్లేదు. కానీ పని లేని నెలలు ఎన్ని? ఆ నెలల్లో, మిషను ముందు కూర్చుని కుట్టేవాళ్లు, కొట్టు చూసుకునేవాళ్లు ఏడాది పొడవునా, వారానికి అయిదు రోజులు అరగంట గట్టిగా నడవాలి. మాట్లాడగలిగేలా, పాట పాడలేనంత వేగంగా. కొవ్వు తగ్గేటప్పుడు లోపలి కొవ్వు, గుండె చుట్టూ కొవ్వు కూడా తగ్గుతాయి. బరువు కాటాలో పెద్ద తేడా లేకపోయినా నడుం తగ్గితే మంచి జరుగుతున్నట్టే. పొగాకు, చుట్ట, గుట్కా అలవాటు ఉన్నవాళ్లు మానాలి. అది గుండెకు నేరుగా శత్రువు.

బీపీ 140, 90 దాటి ఉంటే, పరగడుపున షుగర్ 126 దాటితే మళ్లీ చూపించి మందు మొదలుపెట్టాలి. షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే జబ్బు గుమ్మంలో ఉందని. ఇంకా లోపలికి రాలేదు. అప్పుడే నడుం తగ్గించుకుంటే చాలామంది దాన్ని బయటే ఆపగలుగుతారు. మందులు వాడుతున్నవాళ్లు, బాగానే ఉంది కదా అని మానేయకండి. మందు వేసుకుంటున్నందుకే బాగుంది.

ఇక తీర్మానం

సంఘం అప్పుల కోసం గానీ కొలతల కోసమా అని ఇద్దరు ముగ్గురు అధ్యక్షులు అడిగారు. కిస్తీ ఆగిన సంఘాల్లో కారణం వెతికితే ఆసుపత్రే ఎక్కువసార్లు కనపడింది. జబ్బు ముదిరాక ఇచ్చే అప్పు కంటే, ముందే తీసే టేపు చవక. అందుకని మా ఉపసంఘం ఈ ప్రతిపాదనలు సభ ముందు పెడుతోంది.

ఒకటి. ప్రతి సంఘంలో మూడు నెలలకోసారి నడుం కొలత. కుట్టుపని చేసే సభ్యురాలు టేపు తేవాలి. కొలత తలుపు వేసిన గదిలో. అంకె పైకి చదవకూడదు. ఎవరి అంకె వాళ్ల పాస్‌బుక్ చివరి పేజీలో వాళ్లే రాసుకోవాలి. మినిట్స్ పుస్తకంలో ఎంతమంది కొలిపించుకున్నారో మాత్రమే రాయాలి. ఒకరి ఒళ్లు చూసి ఇంకొకరు ఎగతాళి చేస్తే రెండోసారి ఎవరూ టేపు దగ్గరకు రారు.

రెండు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి సభ్యురాలూ ఏడాదికి ఒకసారైనా బీపీ, షుగర్ చూపించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది ఉచితం. ఒక్కరే వెళ్లడానికి బెరుకు ఉంటుంది కాబట్టి సంఘం మొత్తం ఒకే రోజు వెళ్లాలి.

మూడు. పొదుపు కట్టేటప్పుడే, మందులు వాడే సభ్యురాళ్లను “ఈ నెల బిళ్లలు తెచ్చుకున్నావా” అని లీడరు అడగాలి.

నాలుగు. సమావేశాల్లో బజ్జీలు, కూల్‌డ్రింకులు ఆపి, ఉడకబెట్టిన వేరుశనగలు, శనగలు, మజ్జిగ ఇవ్వాలి. ఈరోజు కూడా అదే పెట్టించాం. బయట బల్ల మీద చూసి కొంతమంది మొహాలు చిన్నబోయాయి, అది మాకు తెలుసు.

అయిదు. గుండెనొప్పి లాంటి అత్యవసరంలో సమావేశం కోసం ఆగకుండా, ఇద్దరు లీడర్ల మాట మీద సంఘం చేతిలో ఉన్న నగదు ఆ రాత్రే ఇవ్వాలి. తీర్మానం మర్నాడు రాసుకోవచ్చు.

ఇరవై ఏళ్ల కిందట మన అమ్మలు రోజుకు రూపాయి దాచారు. ఆ రూపాయి ఎందుకు పనికొస్తుందని నవ్వినవాళ్లే తర్వాత అప్పు కోసం వచ్చారు. ఇదీ అలాంటి చిన్న పనే. ఒక గిన్నె పప్పు ముందే తీసిపెట్టుకోవడం, అరగంట నడవడం, మూడు నెలలకోసారి టేపు చుట్టుకోవడం.

ఈ అయిదు ప్రతిపాదనలూ ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు, అనుమానం ఉన్నవాళ్లు ఇక్కడే అడగండి, భోజనాలకు ఇంకా టైముంది.